సుత్తి దెబ్బలతో చేసిన నేల పరీక్షను నమ్మి పునాది వేయవచ్చా? హనుమకొండ శివారు స్థలం

కుంటగట్టు_ఇల్లు

హనుమకొండ శివారులో అన్నదమ్ములిద్దరం కలిసి కొన్న 600 గజాల స్థలంలో కింద క్లినిక్కు, పైన రెండంతస్తుల ఇల్లు కట్టాలని అనుకున్నాము. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు భూకంపం వచ్చినప్పుడు మేము అద్దెకుంటున్న మూడో అంతస్తులో గిన్నెల స్టాండు గలగలలాడింది. ఆ సంగతి చెప్పినప్పటి నుండి మా స్ట్రక్చరల్ ఇంజినీరు మామూలు మట్టి పరీక్షతో పాటు నేలలో షియర్ తరంగ (నేలను అడ్డంగా ఊపుతూ సాగే తరంగం) వేగం కూడా కావాలని పట్టుబట్టారు. ఒక సంస్థ వారు వచ్చి, రోడ్డు అంచు నుండి వెనుక ఉన్న పాత కుంట వైపు ఒకే వరుసలో మీటరుకొకటి చొప్పున నేల కదలికను పట్టే 24 చిన్న పరికరాలను నేలలో గుచ్చి, ఒక చివర ఇనుప పలక పెట్టి సుత్తితో నాలుగైదు దెబ్బలు కొట్టి, గంటలోపే సర్దుకుని వెళ్ళిపోయారు. బోరు వేయలేదు, మట్టి నమూనా తీయలేదు.

మూడు రోజులకు 14 పేజీల నివేదిక వచ్చింది. పై 2.5 మీటర్లలో వేగం సెకనుకు 210 మీటర్లు, అక్కడి నుండి 6 మీటర్ల లోతు వరకు 380, ఆ కింద 1100 వేగంతో గట్టి బండ అని రాశారు. 30 మీటర్ల సగటు వేగం 942 అన్నారు. చివరి పేజీలో 1.5 మీటర్ల లోతున చదరపు మీటరుకు 30 టన్నుల బేరింగ్ కెపాసిటీ (నేల మోయగల బరువు) ఉంటుందని కూడా ఇచ్చారు. తీరా సంపు కోసం, సెప్టిక్ ట్యాంకు కోసం జేసీబీతో తవ్విస్తే రోడ్డు వైపు మూలన నాలుగు అడుగులకే నున్నటి రాతి గుండు తగిలింది, కుంట వైపు మూలన ఎనిమిది అడుగులు దిగినా నల్లమట్టి, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లే వచ్చాయి. పక్క స్థలంవారి బోరుకు 35 అడుగుల కేసింగ్ పట్టిందట. ఇందులో దేనిని నమ్మాలో నాకు అర్థం కావడం లేదు.

సుత్తిమోత

"నీళ్ళు ఎన్ని ఫీట్లకు పడుతయి సార్" అని ఇరుగుపొరుగువారు అడిగి ఉండాలే. నేను ఈ పనిలో నాలుగేళ్ళుగా సుత్తి మోస్తున్నాను, ఆ ప్రశ్న వినకుండా ఇంటికి వెళ్ళిన రోజు లేదు.

కుంటగట్టు_ఇల్లు

అడిగారు. ఒక పెద్దాయన కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఆ వరుస వెంట నడిచి, తన లెక్క కూడా చెప్పి వెళ్ళారు.

పాత_సర్వేయర్

ముప్పై ఏళ్ళుగా వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బోర్లు వేయించి మట్టి పరీక్షలు చేస్తున్న వాడిగా చెబుతున్నాను. నేలలో ఏముందో తెలియాలంటే నేలలోకి దిగాలి. 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుండి వదిలి, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో (అదే ఎన్‌-విలువ) లెక్కపెట్టే ఎస్‌పీటీలో దాపరికం ఏమీ లేదు, గొట్టం విప్పితే మట్టి చేతికి వస్తుంది. పైనుండి కొట్టి లోపలి సంగతి చెప్పడమంటే పుచ్చకాయను తట్టి చూసి కొనడమే. ఇక ఆ కేసింగ్ లెక్కను కూడా పూర్తిగా నమ్మవద్దు. కేసింగ్‌కు అడుగుకు ఇంత అని బిల్లు వేస్తారు కనుక, బండ తగిలిన తరువాత కూడా బోరు బండివారు ఒకటి రెండు పైపులు ఎక్కువ దించడం నేను కళ్ళారా చూశాను.

జియోఫోన్24

పుచ్చకాయను తట్టడం తెలిసినవాడు తడితే పండిందో లేదో చెప్పగలడు కదా, పాత_సర్వేయర్ గారూ. ఇక్కడ ప్రశ్న తట్టడం గురించి కాదు, తట్టిన చప్పుడును ఎవరు ఎలా విన్నారన్న దాని గురించి.

నేల మీద నిట్టనిలువుగా దెబ్బ వేస్తే పుట్టే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు, నేల పైపొరను అంటిపెట్టుకుని పాకే తరంగాలుగా వెళ్ళిపోతుంది. వీటి ఉనికిని 1885లో లార్డ్ రేలీ లెక్కగట్టి చెప్పారు కనుక వీటిని రేలీ తరంగాలంటారు. ఈ తరంగం కదలిక ఎంత లోతుకు దిగుతుందన్నది దాని తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటుంది. పొట్టి తరంగం పైనున్న మీటరు, రెండు మీటర్ల మట్టిని మాత్రమే తాకుతూ ఆ మట్టి వేగంతోనే వెళుతుంది, పొడవు తరంగం కింది గట్టి పొరను కూడా తాకుతుంది కనుక వేగంగా వెళుతుంది. అంటే ఒకే దెబ్బలో పుట్టిన తరంగాలు పౌనఃపున్యాన్ని బట్టి వేర్వేరు వేగాలతో విడిపోతాయి. ఈ విడిపోవడాన్నే డిస్పర్షన్ అంటాము. నేల అంతా ఒకే రకంగా ఉంటే డిస్పర్షనూ ఉండదు, ఈ పరీక్షకు పనీ ఉండదు.

ఉదాహరణకు 20 హెర్ట్జ్ తరంగం సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే దాని పొడవు 10 మీటర్లు, అది చెప్పే కబురు సుమారు మూడు నుండి ఐదు మీటర్ల లోతు వరకు. అదే 10 హెర్ట్జ్ తరంగం 300 వేగంతో వెళితే పొడవు 30 మీటర్లు, కబురు 10 నుండి 15 మీటర్ల లోతు వరకు వస్తుంది. ఈ వేగాలన్నిటినీ ఒక గీతగా గీసి, ఆ గీత రావాలంటే నేలలో ఏ పొర ఎంత మందం, ఎంత వేగం ఉండాలో వెనక్కి లెక్కగట్టడం మిగిలిన పని. రెండు పరికరాలతో చేసే పాత పద్ధతి 1980ల మొదట్లో టెక్సాస్‌లో రూపుదిద్దుకుంది, మీ దగ్గర చేసిన, 24 పరికరాల వరుసతో చేసే ఎంఏఎస్‌డబ్ల్యూ పద్ధతిని 1999లో కాన్సస్ జియలాజికల్ సర్వే పరిశోధకులు ప్రచురించారు. బెంగళూరు నగరానికి భూకంప మైక్రోజోనేషన్ (ప్రాంతాల వారీగా ప్రమాదాన్ని లెక్కగట్టడం) చేసినప్పుడు కూడా దీనినే వాడారు. కాబట్టి పద్ధతిని కొబ్బరికాయ పక్కన పెట్టవద్దని మనవి.

ఇల్లు కట్టేవారిని నాలుగు విషయాలు అడుగుతున్నాను. దెబ్బలు ఒక చివర నుండే వేశారా, రెండు చివర్ల నుండి వేశారా? పలక మొదటి పరికరానికి ఎంత దూరంలో ఉంది? నివేదికలో నీలం, ఎరుపు రంగుల డిస్పర్షన్ బొమ్మ ఉందా? ఉంటే దాని మీద, లెక్కకు ఎంచుకున్న వేగాలను చూపే నల్ల చుక్కలు ఎక్కడెక్కడ పెట్టారు?

లెక్కల_పంతులు

బొమ్మ వచ్చేలోపు ఒక సంగతి. ఆ 942 అన్న సగటే తప్పు. 2.5 మీటర్లను 210తో, 3.5 మీటర్లను 380తో, మిగిలిన 24 మీటర్లను 1100తో గుణించి, కూడి, 30తో భాగించినట్లున్నారు. వేగాల సగటు అలా తీయరు. ఒక్కొక్క పొరను దాటడానికి తరంగానికి పట్టే సమయాన్ని కూడి, 30 మీటర్లను ఆ మొత్తం సమయంతో భాగించాలి. పై పొరకు 0.0119 సెకన్లు, రెండో దానికి 0.0092, బండకు 0.0218, మొత్తం 0.0429 సెకన్లు, కనుక సగటు 699. హనుమకొండ నుండి కాజీపేటకు నడిచివెళ్ళి, అక్కడి నుండి రైలెక్కిన మనిషి సగటు వేగాన్ని ఏడో తరగతి పిల్లవాడు కూడా సమయంతోనే లెక్క కడతాడు.

ఈ తేడా చిన్నది కాదు. భూకంపాల కోసం నేలలను విభజించే అమెరికా వారి నీహెర్ప్ వర్గీకరణలో, 2020 మార్పులకు ముందటి దాని ప్రకారం, 760 నుండి 1500 వరకు బండ కింద బి తరగతి, 360 నుండి 760 వరకు సి తరగతి. నివేదికలో ఇచ్చిన పొరలనే నమ్మినా స్థలం సి తరగతి, వారు రాసింది బి తరగతి.

కుంటగట్టు_ఇల్లు

లెక్కల_పంతులు గారూ, మా ఇంజినీరుకు మీ లెక్క చూపించాను, ఆయన నివేదిక పక్కన ఎర్ర సిరాతో రాసుకున్నారు.

జియోఫోన్24 గారి ప్రశ్నలకు జవాబు. దెబ్బలు రోడ్డు వైపు చివర నుండి మాత్రమే వేశారు. పలక మొదటి పరికరానికి రెండు మీటర్ల దూరంలో ఉంది. బొమ్మ 9వ పేజీలో ఉంది. 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 185 వేగంతో మొదలైన ఎర్ర పట్టీ, ఎడమకు వచ్చేకొద్దీ మెల్లగా పైకి లేస్తూ 16 హెర్ట్జ్ దగ్గర 300 దాకా వస్తుంది. అక్కడ పట్టీ పలచబడి తెగిపోతుంది. దాని పైన 550, 600 ప్రాంతంలో ఇంకొక ఎర్ర మచ్చ ఉంది. నల్ల చుక్కలు కింది పట్టీ మీద నడిచి, తెగిన చోట ఒక్కసారిగా పై మచ్చ మీదికి ఎక్కాయి. 11 హెర్ట్జ్ కంటే ఎడమవైపు అంతా మసకగా ఉంది.

జియోఫోన్24

అసలు జబ్బు ఆ ఎక్కడంలోనే ఉంది. నేలలో తరంగం ఒకే విధంగా పాకదు. వీణ తీగ మీద ప్రధాన స్వరంతో పాటు పై స్వరాలు పలికినట్లు, ప్రాథమిక మోడ్‌తో పాటు ఎక్కువ వేగం గల పై మోడ్‌లు కూడా ఉంటాయి. మన ప్రాంతంలో మెత్తటి మట్టి, మొరం, దాని కిందనే గ్రానైట్ బండ ఉంటాయి కనుక పొరల మధ్య తేడా చాలా ఎక్కువ. ఇలాంటి చోట తక్కువ పౌనఃపున్యాల దగ్గర ప్రాథమిక మోడ్, మొదటి పై మోడ్ దాదాపు ఒకదానినొకటి రాసుకుంటూ వెళతాయి. చూసే మనిషికి ఒకే గీత పైకి లేచినట్లు అనిపిస్తుంది. పై మోడ్ వేగాన్ని ప్రాథమిక మోడ్ వేగమని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అది నమ్మి, బండను నిజంగా ఉన్నదానికంటే పైకి తెచ్చి, గట్టిగా చూపిస్తుంది. గీత, లెక్క చక్కగా అతికాయని, దోషం రెండు శాతమేనని నివేదికలో రాసి ఉంటారు. తప్పుడు చుక్కలకు కూడా గీత చక్కగానే అతుకుతుంది.

రెండు మీటర్ల దూరంలో పలక పెట్టడం కూడా మంచిది కాదు. అంత దగ్గరలో పొడవు తరంగాలు ఇంకా కుదురుకోవు. అయితే ఆ దోషం మామూలుగా వేగాన్ని తగ్గించి చూపుతుంది, మీ నివేదికలో వేగం పెరిగింది కనుక ప్రధాన ముద్దాయి అది కాదు.

ఇంకొక మాట. 23 మీటర్ల వరుసతో, చేతి సుత్తితో, 11 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయిన బొమ్మతో 10, 12 మీటర్ల లోతు వరకు ధైర్యంగా మాట్లాడవచ్చు. పట్టికను 30 మీటర్ల దాకా సాగదీయడం అంటే చివరి పొర అంకెను కిందికి జారవిడవడమే.

పాత_సర్వేయర్

చూశారా, చివరికి చుక్కలు పెట్టే మనిషి చేతిలోనే ఉంది అంతా.

జియోఫోన్24

ఎస్‌పీటీలో తాడు లాగే మనిషి చేతిలో లేదా? 75 సెంటీమీటర్లు ఎత్తవలసిన బరువును సాయంత్రం నాలుగు దాటాక 60కే వదిలేస్తే ఎన్‌-విలువ ఎంత పెరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

పాత_సర్వేయర్

అందుకే నేను సాయంత్రం కూడా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీ మాట మాత్రం కాదనను.

మూడో_షిఫ్టు_గోదావరిఖని

మా వైపు అనుభవం వేరుగా ఉంది. ఇక్కడ కింద గ్రానైట్ కాదు, గోండ్వానా ఇసుకరాయి, దాని మధ్య బొగ్గు పొరలు. ఓబీ మట్టి (బొగ్గు పైనుండి తవ్వి తీసిన మట్టి) పోసి చదును చేసిన చోట ఒక షెడ్డు కోసం ఈ పరీక్ష చేయించాము. బోరు వేస్తే ఒక చోట ఎన్‌-విలువ 8 వస్తే, మూడు మీటర్ల అవతల రాయి తగిలి 50 దాటేది, ఏ బోరును నమ్మాలో తెలిసేది కాదు. తరంగాల వరుస మాత్రం ఆ పోసిన మట్టి మొత్తం ఎంత వదులుగా ఉందో సగటున చెప్పింది, ఎక్కడ రోలరు సరిగ్గా తిరగలేదో వరుసను జరుపుతూ పోతే కనిపించింది. పోసిన మట్టి దగ్గర ఈ సగటు గుణమే మేలు చేసింది.

అయితే పాత గనుల ఖాళీలను కనిపెట్టమని అడిగితే చేతులెత్తేసింది. 40 మీటర్ల లోతున ఉన్న నాలుగు మీటర్ల గ్యాలరీ సుత్తి తరంగానికి కనిపించదు.

సుత్తిమోత

మొదటి టపాలో చెప్పిన, నాలుగు అడుగులకే తగిలిన గుండు నివేదికలో ఎందుకు లేదన్న దానికి జవాబు కూడా ఇదే. మీటరున్నర గుండును పది మీటర్ల పొడవున్న తరంగం గుర్తుపట్టదు, చెరువులో అల రోకలిని దాటినట్లు దాటిపోతుంది.

నల్లరేగడి_పత్తి

మాది పరకాల వైపు. మా తమ్ముడి గోదాముకు మే నెలలో ఈ పరీక్ష చేస్తే పై రెండు మీటర్ల వేగం చాలా బాగా వచ్చింది. ఆగస్టులో ఇంకొకరు అదే చోట చేస్తే బాగా తగ్గింది. పరీక్ష చేసినవారిలో ఎవరో ఒకరు తప్పు చేశారని ఇంట్లో పెద్ద గొడవ జరిగింది.

జియోఫోన్24

ఇద్దరూ సరిగ్గానే చేసి ఉండవచ్చు. ఎండలో ఆరిన నల్లరేగడి బిగుసుకుని ఇటుకలా ఉంటుంది, లోపలి తేమ లాగుడు వల్ల దృఢత్వం పెరుగుతుంది, తరంగం వేగంగా వెళుతుంది. వానలకు అదే మట్టి మెత్తబడుతుంది. అందుకే రేగడి మీద కొలిచిన తేదీని నివేదికలో తప్పనిసరిగా రాయించుకోవాలి. పైగా ఆ మట్టి ఎంత ఉబ్బుతుందన్నది ఏ తరంగమూ చెప్పదు, దానికి నమూనా తీసి ల్యాబులో ఫ్రీ స్వెల్ పరీక్ష చేయించవలసిందే. ఈ విషయంలో నేను పూర్తిగా పాత_సర్వేయర్ గారి పక్షం.

కాజీపేట_లైను

మా ఇల్లు పట్టాల పక్కనే. బొగ్గు గూడ్సు పోయినప్పుడు కిటికీ అద్దాల కంటే ముందు నేల కదలిక కాళ్ళకు తెలుస్తుంది. సుత్తి దెబ్బకు తక్కువ పౌనఃపున్యాలు రావడం లేదంటున్నారు, మరి రైలునే సుత్తిగా వాడుకోవచ్చు కదా?

జియోఫోన్24

వాడుకుంటారు, దానిని పాసివ్ పద్ధతి అంటారు. రైళ్ళు, లారీల వంటి బరువైన వాటి నుండి సుత్తి ఇవ్వలేని తక్కువ పౌనఃపున్యాలు వస్తాయి కనుక ఇంకా లోతు చూడవచ్చు. చిక్కు ఎక్కడంటే, అల వరుసకు ఏ కోణంలో వస్తున్నదో తెలియకపోతే వేగం ఎక్కువగా కనిపిస్తుంది. వరుసకు 30 డిగ్రీల పక్క నుండి వచ్చే అల ఉన్నదానికంటే 15 శాతం వేగంగా కనిపిస్తుంది, 60 డిగ్రీలైతే రెట్టింపు. అందుకే జాగ్రత్త గలవారు పరికరాలను ఒకే వరుసలో కాక వృత్తంగానో ఎల్ ఆకారంలోనో పెడతారు.

రామప్ప_ఇసుక

1213 నాటి రామప్ప గుడి కింద ఇసుక పోసిన పునాది ఉందంటారు. అలాంటి చోట బోరు వేయనివ్వరు. ఈ పద్ధతితో ఆ ఇసుక పొరను చూడవచ్చా?

జియోఫోన్24

గుడ్డలాంటి మెత్తటి దాని మీద ప్లాస్టిక్ సుత్తితో కొట్టినా కొన్ని మీటర్ల లోతుకు సమాచారం వస్తుంది కనుక, తవ్వకూడని కట్టడాల దగ్గర ఇది మొదట గుర్తుకు రావలసిన పద్ధతే. పైన రాతి పరుపు, దాని కింద ఇసుక ఉంటే, గట్టి దాని కింద మెత్తటిది అన్న తలకిందుల అమరిక అవుతుంది. కింది గట్టి పొర వెంట వంగి తిరిగివచ్చే తరంగాలను చూసే రిఫ్రాక్షన్ పద్ధతికి ఇటువంటి పొర అసలే కనిపించదు, ఉపరితల తరంగాలకు కనిపిస్తుంది. కాని ఇలాంటి చోట కూడా పై మోడ్‌లు విజృంభిస్తాయి, పరుపు అంచుల నుండి తరంగాలు వెనక్కి తిరుగుతాయి. ఒక్క మోడ్‌తో సరిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ పట్టుకుని వెళితే ఇసుక బదులు ఇంకేదో కనిపిస్తుంది.

పాత_సర్వేయర్

రిఫ్రాక్షన్ మాట వచ్చింది కనుక ఒక పాత సంగతి. ఒక చెరువు కట్ట కింద రిఫ్రాక్షన్‌లో సెకనుకు 1500 మీటర్ల వేగం వచ్చిందని, అది మెత్తబడిన బండ అని ఒకరు రాశారు. తవ్వితే నీళ్ళతో నిండిన బురద. నీటిలో ధ్వని వేగమే సుమారు అంత. షియర్ తరంగం నీటిలో నడవదు కనుక ఈ మోసం మీ పద్ధతిలో జరగదని ఒప్పుకుంటాను. నా ప్రధాన అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. 1.5 మీటర్ల దగ్గర 30 టన్నుల బేరింగ్ కెపాసిటీ అని రాసినవారు ఆ అంకెను ఏ చెట్టు నుండి కోశారు?

జియోఫోన్24

ఆ అభ్యంతరం నాది కూడా, ఇందులో మన మధ్య తగువు లేదు. ఈ పరీక్ష కొలిచేది దృఢత్వాన్ని, బలాన్ని కాదు. సాంద్రతను వేగం వర్గంతో గుణిస్తే షియర్ మాడ్యులస్ వస్తుంది. ఘనపు మీటరుకు 1800 కిలోలు, వేగం 260 అనుకుంటే సుమారు 122 మెగాపాస్కల్. కాని సుత్తి దెబ్బకు నేల వంగేది వెయ్యో వంతు శాతం కూడా ఉండదు. ఫుటింగు కింద నేల దానికి వంద రెట్లు వంగితే ఆ మాడ్యులస్ సగానికి, అంతకంటే దిగువకు కూడా పడిపోతుంది. ఇక ఏ బరువుకు నేల తెగుతుందన్నది వేరే ప్రశ్న, దానికి నమూనా, ఎన్‌-విలువ కావాలి. వేగం నుండి బేరింగ్ కెపాసిటీకి నేరుగా వెళ్ళే సూత్రాలు ఉన్నాయి, అవి తయారైన నేలలు వేరు, మన మొరం వేరు. ఎన్‌-విలువ నుండి వేగానికి వెళ్ళే ఇమాయ్, టోనౌచి 1982 సూత్రం కూడా జపాన్ నేలల మీద పుట్టింది. ఎన్ 20 అయితే అది సుమారు 248 వేగం ఇస్తుంది. సరిచూసుకోవడానికి పనికివస్తుంది కాని దాని మీదనే పునాది వేయడానికి కాదు.

మీరు ఆ సంస్థ నుండి అసలు రికార్డింగు ఫైళ్ళను అడిగి తీసుకోండి. మీరు డబ్బు ఇచ్చిన కొలత అది, నివేదిక దాని మీద ఒకరి అభిప్రాయం మాత్రమే.

కుంటగట్టు_ఇల్లు

ఫైళ్ళు ఇవ్వడానికి వారం రోజులు తిప్పించుకున్నారు. మొదట "అవి మా సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి" అన్నారు, తరువాత "ఎవరూ అడగరు సార్" అన్నారు. చివరికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు, జియోఫోన్24 గారికి పంపించాను.

జియోఫోన్24

చూశాను. రికార్డింగు చెడ్డగా లేదు, పాపం సుత్తి కొట్టిన కుర్రాళ్ళ తప్పేమీ లేదు. చుక్కలను 16 హెర్ట్జ్ దగ్గర ఆపి లెక్కగడితే పైన 200, ఏడెనిమిది మీటర్ల వరకు 300 వస్తున్నాయి, ఆ కింద ఏముందో ఈ రికార్డింగు చెప్పలేదు. ఇంకొక పెద్ద చిక్కు, వరుస వేసిన దిక్కు. రోడ్డు వైపు సొంత నేల, కుంట వైపు పోసిన మట్టి, ఈ రెంటినీ అడ్డంగా కోస్తూ వరుస పరిచారు. ఈ పద్ధతి వరుస పొడవునా నేల పొరలు సమతలంగా ఉన్నాయన్న ఊహ మీద నడుస్తుంది. వచ్చిన 200, 300 అన్నవి రెండు వేర్వేరు నేలల సగటు, అలాంటి నేల మీ స్థలంలో ఏ మూలనా ఉండకపోవచ్చు. మళ్ళీ చేయించగలిగితే కుంట గట్టుకు సమాంతరంగా రెండు వరుసలు, రోడ్డు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి వేయించండి. రెండు మీటర్ల ఎడంతో 46 మీటర్లు కావాలి, స్థలం చాలకపోతే పక్కవారి ఖాళీ చేలోకి వెళ్ళండి. రెండు చివర్ల నుండి, ఐదు మీటర్ల దూరం నుండి ఒకసారి, పది మీటర్ల నుండి ఒకసారి కొట్టాలి. సుత్తి ఎనిమిది కిలోలది తెప్పించండి, పలక కింద మందపాటి రబ్బరు వేస్తే తక్కువ పౌనఃపున్యాలు కొంత మెరుగవుతాయి. ఒకే చోట పది దెబ్బలు కలిపితే చుట్టుపక్కల రొద మూడో వంతుకు తగ్గుతుంది.

ఎఫ్‌టీఎల్_చూసుకోండి

కుంట అంటున్నారు కనుక అడుగుతున్నాను, స్థలం శిఖంలో (కుంట నీరు నిలిచే భూమిలో) లేదు కదా? తరంగాల కంటే ముందు ఆ కాగితం చూసుకోవాలి.

కుంటగట్టు_ఇల్లు

హద్దు రాళ్ళకు అవతలే ఉంది, సర్వే చేయించుకున్నాకే కొన్నాము. మట్టి మాత్రం ముందటి యజమాని పోయించింది.

కుంటగట్టు_ఇల్లు

రెండోసారి పరీక్ష అయింది, ఈసారి వేరే బృందం. ఉదయం ఆరింటికే మొదలుపెట్టారు, ఏడు దాటితే రోడ్డు మీద ఇసుక లారీలు మొదలవుతాయని. ఒక్కొక్క పరికరం కింద ఉన్న మేకును నేలలోకి మడమతో కాకుండా చేత్తో గుచ్చి, కదిలించి చూసి, వదులుగా ఉన్నచోట పై మట్టి గీకి మళ్ళీ గుచ్చారు. సుత్తి కర్రకు నల్ల టేపుతో చుట్టిన చిన్న స్విచ్ ఉంది, దెబ్బ పడగానే ల్యాప్‌టాప్‌లో 24 గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. ఏడో దెబ్బప్పుడు పక్క చేలో గేదెల మంద కదిలింది, 15 నుండి 19 వరకు గీతలన్నీ పిచ్చిపట్టినట్లు ఊగాయి. ఆ దెబ్బను తీసేసి, మంద దాటేదాకా అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాము. మొదటి బృందం వచ్చిన రోజు వెనుక ఇంట్లో స్లాబ్ పని జరుగుతూ మిక్సర్ తిరుగుతూనే ఉందని నాకప్పుడు గుర్తుకొచ్చింది.

ఫలితం ఇది. కుంట వైపు పై 3 మీటర్లు 150, అక్కడి నుండి 9 మీటర్ల వరకు 260, ఆ కింద 800 లేదా ఎక్కువ. రోడ్డు వైపు 2.5 మీటర్ల వరకు 220, అక్కడి నుండి 5.5 వరకు 380, కింద 900 ప్రాంతం. ఆ బృందంలోని అమ్మాయి కింది బండ వేగాన్ని ఒకే అంకెగా రాయడానికి ఒప్పుకోలేదు, కుంట వైపు 800 నుండి 1200 మధ్య ఏదైనా ఈ గీతకు సరిపోతుందని రాసి సంతకం పెట్టింది. బేరింగ్ కెపాసిటీ అడిగితే, అది మట్టి పరీక్ష చేసేవారు ఇవ్వాలని చెప్పింది.

లెక్కల_పంతులు

కుంట వైపు బండ 800 అనుకుంటే 30 మీటర్ల సగటు 433, 1200 అనుకుంటే 495. రోడ్డు వైపు సుమారు 645. అన్నీ సి తరగతిలోనే పడుతున్నాయి. తరగతి మారలేదు కాని, ఫుటింగు కింద నేల మొత్తం మారిపోయింది.

పాత_సర్వేయర్

మన భూకంప నిర్మాణ ప్రమాణం ఐఎస్ 1893 (2016 కూర్పు) ఎన్‌-విలువలను బట్టే నేల రకం అడుగుతుంది కనుక బోర్లు ఎలాగూ తప్పవు. రెండు చాలు, ఈ వరుసల మధ్యబిందువుల దగ్గరే వేయండి, అప్పుడు ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. మూడోది ఆ గుండు దగ్గర వేయండి.

కుంటగట్టు_ఇల్లు

పాత_సర్వేయర్ గారు చెప్పినట్లే మూడు వేయించాము, సాయంత్రం కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుంట వైపు 2.8 మీటర్ల వరకు పోసిన మట్టి, అందులో ఎన్‌-విలువలు 4, 6. దాని కింద సుద్ద కలిసిన మొరం, 8.6 మీటర్ల దగ్గర గొట్టం దిగలేదు. రోడ్డు వైపు 5.2 మీటర్లకు బండ. గుండు దగ్గర వేసినది 1.3 మీటర్ల రాయిని తొలుచుకుని దిగితే దాని కింద మళ్ళీ మొరమే, ఎన్ 28. అంటే ఆ గుండు మీద పిల్లరు పెట్టి ఉంటే బండ మీద పెట్టామనే అనుకునేవాళ్ళము.

మా ఇంజినీరు భవనాన్ని మొత్తంగా రోడ్డు వైపుకు జరిపారు. కుంట వైపు పార్కింగు, సెప్టిక్ ట్యాంకు మాత్రమే వస్తాయి. తమ్ముడికి తూర్పు వాకిలి పోయిందని కొంత అలక ఉంది.

సుత్తిమోత

9 అన్న చోట 8.6, 5.5 అన్న చోట 5.2. ఈ తేడాకు సుత్తివాడికి చాయ్ ఇప్పించవచ్చు.

పాత_సర్వేయర్

నాకు పరకాల దగ్గర ఒక పని ఉంది. గుట్ట మీద నీళ్ళ ట్యాంకు, బోరు బండి ఎక్కే దారి లేదు, చేతితో తవ్వితే మీటరుకే మొరం బిగిసింది. జియోఫోన్24 గారూ, మీ 24 పరికరాలు ఇద్దరు మనుషులు మోసుకెళ్ళగలరా? వాలు మీద వరుస ఎలా పరుస్తారు?

జియోఫోన్24

కేబుల్, బ్యాటరీతో కలిపి ముగ్గురు కావాలి, సుత్తి మోయడానికి నాలుగో మనిషి. వరుసను వాలు వెంట కాకుండా ఒకే ఎత్తులో గుట్టకు అడ్డంగా పరుస్తాము. ట్యాంకు కాళ్ళు వచ్చే చోట గుండ్లు పైకి తేలి ఉన్నాయా, అది మాత్రం ముందే చూసి చెప్పండి, ఉంటే అక్కడ గొయ్యి తవ్వవలసింది మీరే.